పచ్చగడ్డి మీద కూర్చుని పాట వినబోతున్నాను మేష్టారూ!

పాటల గురించి పాఠకుల ప్రశ్నలు, మేష్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాపులూ చూస్తే సగం పైన ఆరుబయట పాట గురించే ఉన్నాయి. ఎండాకాలం కదా, ఊళ్ళో సంబరాలూ ఇప్పుడే, పిల్లల దగ్గరికి అమెరికా ప్రయాణాలూ ఇప్పుడే. అందుకని ఈసారి అవన్నీ ఒక్కచోట పెడుతున్నాను. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు దానికన్నా పెద్దదయ్యింది, ఏమనుకోకండి, ఆవిడ అడిగిన తీరు అలాంటిది.

ప్రశ్న: మేష్టారూ నమస్కారం. మాది శ్రీకాకుళం, పుట్టిల్లు ఉద్దానం. నాకు యాభై తొమ్మిదేళ్ళు. 2020లో లాక్‌డౌన్ అప్పుడు మా అబ్బాయి ఇంటికొచ్చేసి ఏడాది పైన ఇక్కడి నుంచే ఉద్యోగం చేసేడు. సాయంత్రం మేడ మీద కూర్చుని ఒక ముసలాయన పాటలు పెట్టుకునేవాడు, ఆయనకి రెండు జడలు, తలకి గుడ్డ, చేతిలో పాత గిటారు. మొదట్లో ఏటిరా ఈ గోల అనేదాన్ని, పోగా పోగా వాడు పెట్టకపోతే నేనే అడిగి పెట్టించుకునేదాన్ని. విల్లీ నెల్సన్ అంట, కంట్రీ మ్యూజిక్ అంటారంట. నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు, పాట మొత్తమ్మీద నాలుగు మాటలు తెలుస్తాయి, అయినా ఆయన పాడుతుంటే మా నాన్న రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని తనలో తను పాడుకున్నట్టే ఉంటాది. ఇప్పుడు మా అబ్బాయి టెక్సాస్‌లో ఉన్నాడు, జూన్‌లో మేం వెళ్తున్నాం, జూలైలో ఆయన ప్రోగ్రాం ఆరుబయట ఉంటే మా కోసం లాన్ టికెట్లు తీసేడు. సంతోషంతో నిద్ర పట్టటం లేదు, భయం కూడా ఉంది. మాటలు తెలియకుండా అంతసేపు కూర్చోగలనా? మోకాళ్ళ నొప్పితో గడ్డి మీద ఎలగ? చీర కట్టుకుని వెళ్తే బాగుంటాదా? ఆయనకి తొంభై దాటేయంట, గొంతు ఇంకా అలగే ఉంటాదా? మా ఆయన అయితే ఫోన్లో వింటే సరిపోదా, అంత డబ్బెట్టి ఎందుకు అంటన్నారు. మీరే చెప్పండి.
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: అమ్మా, ముందు ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి. సరిపోదు. ఫోన్ అంటే నాకేం చిన్నచూపు లేదు, పొద్దున్న లేచి కాఫీ తాగే లోపు నేనూ ఫోన్లోనే రెండు కీర్తనలు వింటాను, కానీ ఇష్టమైన గొంతుని ఎదురుగా కూర్చుని, పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట, మనలాగే ఆ గొంతంటే ప్రాణం పెట్టే వేలమంది మధ్యలో వినటం వేరే సంగతి, రెండిటినీ ఒకే మాటతో వినటం అంటున్నాం గానీ.

మాది చీపురుపల్లి దగ్గర చిన్న పల్లె. శ్రీరామనవమికి పందిరేసి హరికథ పెట్టేవారు, అమ్మవారి సంబరానికి జముకుల కథ, అంటే జముకు అనే తీగ వాయిద్యం మోగిస్తా చెప్పే కథ. కథ రాత్రి తొమ్మిదింటికి అయితే మా నాయనమ్మ మధ్యాన్నం మూడింటికే నా చేతికి గోనెసంచి ఇచ్చి ముందు వరసలో జాగా పట్టమని పంపేసేది. ఆ ఎండలో గోనె పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, పక్కన వేపచెట్టు నీడలో నేను కాపలా. అప్పటికే పదిమంది పిల్లలు పది గోనెలతో ఉండేవారు, గోనె గోనెకీ మధ్య తగువులు. రాత్రికి కథ చెప్పేవాడు సరిగ్గా ఆయువుపట్టు దగ్గర మాట ఆపేసి, జముకు మాత్రం మోగిస్తా, మా ముందు వరస పిల్లల మొహాల్లోకి చూసేవాడు. ఆ చూపుకి ఒళ్ళు జలదరించేది. ఏడుపు ఘట్టం వస్తే మా నాయనమ్మ చెంగు నోట్లో కుక్కుకునేది, ఆ ఘట్టం నేను ఇప్పుడు ఎక్కడ విన్నా ముందు నాయనమ్మ గుర్తొస్తుంది, తరవాతే కథ గుర్తొస్తుంది.

మీరు వెళ్ళే లాన్ కూడా అదేనమ్మా. అక్కడ పెద్ద ప్రోగ్రాంలకి ఆంఫీథియేటర్లు కడతారు, ముందు నంబర్ల కుర్చీలు, చాలాచోట్ల వాటి మీద కప్పు ఉంటుంది, కప్పు దాటాక వెనకంతా గట్టులాగ వాలుగా పచ్చగడ్డి. దాన్నే లాన్ అంటారు. మామూలుగా నంబర్లుండవు, ఎవరు ముందొస్తే వాళ్ళది జాగా, దుప్పట్లు పరుచుకుని పిల్లాజెల్లాతో కూర్చుంటారు. మీ అబ్బాయిని తలుపులు తీసే టైముకే తీసుకెళ్ళమనండి. మరీ కింద కాకుండా గట్టు మధ్యలో, స్టేజికి ఎదురుగా కూర్చుంటే మనిషీ కనిపిస్తాడు, రెండువైపుల స్పీకర్లూ సమానంగా వినిపిస్తాయి.

మోకాళ్ళ సంగతి. గడ్డి మీద కింద కూర్చోకండి, కూర్చోగలరు గానీ లేవటం కష్టం. కొన్ని చోట్ల పొట్టి కాళ్ళ మడత కుర్చీ మనం తెచ్చుకోనిస్తారు, కొన్ని చోట్ల వాళ్ళే అద్దెకి ఇస్తారు, ఏ చోట ఏ రూలో వాళ్ళ వెబ్‌సైట్లో రాసి ఉంటుంది, మీ అబ్బాయిని ముందురోజే చూడమనండి. బ్యాగు కూడా అంతే, చాలాచోట్ల లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగే రానిస్తారు, మన హ్యాండ్‌బ్యాగు గేటు దగ్గర ఆపేస్తారు. మీ బీపీ మాత్రలో ఏవైనా ఉంటే చీటీతో సహా పెట్టుకోండి. టెక్సాస్‌లో జూలై అంటే మన మే నెలే, ముప్పై అయిదు డిగ్రీలు దాటటం మామూలే, పైగా అక్కడ వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది, అంటే మీరు ఆరింటికి వెళ్తే రెండు గంటలు పైన ఎండలోనే కూర్చుంటారు. టోపీ, నీళ్ళు. ముందు ఇద్దరు ముగ్గురు వేరే వాళ్ళు పాడి ఆ తరవాత ఆయన వస్తారు, కాబట్టి ఓపికంతా ముందే ఖర్చు పెట్టేయకండి.

చీరే కట్టుకోండి. పొందూరు ఖద్దరు చీర ఉంటే అదే కట్టుకోండి, లేకపోతే ప్రయాణానికి ముందు ఒకటి కొనుక్కోండి, ఆ ఎండకి దాన్ని మించింది లేదు. ఇంకో కారణం కూడా ఉంది, చెప్తాను. ఆయన 1933లో టెక్సాస్‌లోనే అబ్బట్ అనే చిన్న ఊళ్ళో పుట్టేరు, తాతా నాయనమ్మా పెంచేరు, చిన్నతనంలో పొలాల్లో పత్తి ఏరేరు. మన కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో వడికి నేసిన చీర కట్టుకుని, పత్తి ఏరిన చేతులు వాయించే గిటారు వినటానికి మీరు వెళ్తున్నారు. నాకైతే ఇది తలుచుకుంటేనే బాగుంది.

ఇక మాటలు తెలియకపోవటం. దీనికి ఒక పద్ధతి ఉంది, నేను హిందుస్తానీ వాళ్ళ పాటలకి ఇలాగే చేస్తాను. మీకు బాగా నచ్చిన ఆరు పాటలు ఎంచుకోండి, ఆరు చాలు. ఒక్కో పాట మీ అబ్బాయి చేత తెలుగులో చెప్పించుకుని నోటు పుస్తకంలో మీ మాటల్లో రాసుకోండి, తర్జుమాలాగ కాదు, ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారు అన్నది రాసుకుంటే సరిపోతుంది. కంట్రీ పాట అంటే కథే, ఎవరో ఇల్లొదిలి దూరం పోతారు, ఎవరో రాత్రంతా ఎదురుచూస్తారు, ఎవరో తప్పు చేసి చాలా ఆలస్యంగా తెలుసుకుంటారు. కథ తెలిస్తే ఆ నాలుగు మాటలే మీకు తోవ చూపిస్తాయి. ఈయన పాడటమే కాదు, గొప్పగా రాస్తారు కూడా, 1961లో ప్యాట్సీ క్లైన్ అనే ఆవిడ పాడగా దేశమంతా పాకిపోయిన ఒక పాట ఈయన రాసిందే, అప్పటికి ఈయన ఎవరో చాలామందికి తెలీదు.

గొంతు గురించి నిజం చెప్తాను. మీరు మేడ మీద విన్న రికార్డుల్లో చాలావరకు ఎన్నో ఏళ్ళ కిందటివి అయ్యుంటాయి. తొంభై దాటిన మనిషి ఊపిరి అంత దూరం సాగదు. సాగదీసే చోట మాటలాగ చెప్పేస్తారు, కొన్ని చోట్ల పక్కవాళ్ళు అందుకుంటారు, కొన్ని రోజులు కూర్చునే పాడతారు. అయినా వెళ్ళమంటున్నాను, ఎందుకంటే ఆయన పాటకి ప్రాణం గొంతు బలంలో ఎప్పుడూ లేదు, మాట ఎప్పుడు పడాలో తెలియటంలో ఉంది. గమనించి చూడండి, వెనక వాయిద్యాలు ముందుకి వెళ్ళిపోతుంటాయి, ఈయన మాట కాస్త వెనక నడుస్తుంది, ఒక్కోసారి గబుక్కున ముందుకొచ్చేస్తుంది, తప్పిపోయేడేమో అని మనం అనుకునే లోపు సరిగ్గా సమం దగ్గరికొచ్చి దిగుతారు. మన హరికథ దాసులు పద్యాన్నీ మాటనీ కలిపి నడిపే తీరు కూడా ఇలాగే ఉంటుంది. అరుగు మీద పాడుకునే మీ నాన్నగారికి తాళం వేసే వాళ్ళెవరూ లేరు, ఆయన మనసుకి తోచినప్పుడు మాట అనేవారు. మీకు నాన్నగారు గుర్తుకురావటంలో ఆశ్చర్యం లేదు, మీ చెవి చాలా మంచి చెవి అమ్మా.

ఆ గిటారుని మాత్రం తెర మీద దగ్గరగా చూపించినప్పుడు చూడకుండా వదలకండి. 1969లో కొన్నది, మార్టిన్ కంపెనీ వాళ్ళ ఎన్-20 రకం. నైలాన్ తీగలుండే ఆ గిటారు వేళ్ళతో మీటటానికి చేసింది, అందుకని చెక్క అరక్కుండా పైన అతికించే రేకు దానికి ఉండదు. ఈయనేమో బిళ్ళ పట్టుకుని మీటుతారు. అలా ఏళ్ళ తరబడి మీటి మీటి చెక్క అరిగిపోయి పెద్ద చిల్లు పడింది, స్నేహితులు దాని మీద సంతకాలు కూడా చేసేరు. దానికి ట్రిగ్గర్ అని పేరు, పాత కౌబాయ్ సినిమాల రాయ్ రోజర్స్ గుర్రం పేరది. చిల్లు పడ్డా మార్చలేదు. వాయిద్యం పట్టుకున్న వాడిగా చెప్తున్నాను, ఒకే వాయిద్యంతో యాభై ఏళ్ళు దాటితే దాని మాటా మన మాటా వేరుగా ఉండవు.

మీ పుట్టిల్లు ఉద్దానం అన్నారు కాబట్టి ఇదొకటి. 1985 సెప్టెంబరు 22న ఇల్లినాయ్ రాష్ట్రంలో షాంపేన్ అనే ఊళ్ళో ఈయనా, ఇంకో ఇద్దరు గాయకులు నీల్ యంగూ, జాన్ మెలెన్‌క్యాంపూ కలిసి ఫార్మ్ ఎయిడ్ అని పెద్ద ప్రోగ్రాం పెట్టేరు, అప్పుల్లో మునిగి భూములు పోగొట్టుకుంటున్న చిన్న రైతుల కోసం. ఆ ఒక్కసారితో వదిలేయలేదు, ఇన్నేళ్ళుగా నడుపుతూనే ఉన్నారు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పోయిన తెల్లారి ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ ఎలా పడి ఉన్నాయో మీరు చూసే ఉంటారు. అలాంటి పొద్దున ఎవరైనా వచ్చి మన కోసం పాడితే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. గడ్డి మీద కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే ఆయన మీకు ఇంకొంచెం దగ్గరవుతారు.

అన్నట్టు అయిపోయాక కార్లు బయటికి రావటానికి గంట పట్టినా పట్టొచ్చు, తొందరపడి చివరి పాట వదిలేసి లేచిపోకండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి. వచ్చాక నాకు రాయండి.

ప్రశ్న: మేష్టారు గారూ నేను టెన్త్ చదువుతున్నాను, మా ఇల్లు నాగావళి ఒడ్డున. పగలు అవతలి ఊళ్ళో మైకు మోగుతున్నా సరిగ్గా వినిపించదు, రాత్రయితే పాటలో మాటలతో సహా వినిపిస్తున్నాయి. సౌండ్ పెంచుతున్నారా?
(ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: పెంచటం లేదు తల్లీ, గాలి చేస్తున్న పని అది. వేడి గాలిలో శబ్దం కాస్త వేగంగా పోతుంది, చల్లగాలిలో కాస్త నెమ్మదిగా. పగలు నేల కాలిపోతుంటుంది, నేలని ఆనుకున్న గాలి వేడిగా, పైన గాలి దానికన్నా చల్లగా ఉంటుంది, అప్పుడు శబ్దం పైకి వంగిపోయి మీ తల మీద నుంచి వెళ్ళిపోతుంది. రాత్రి నేల చల్లబడుతుంది, కింద చల్లన, పైన వెచ్చన, అప్పుడు పైకి పోబోయిన శబ్దం మళ్ళీ కిందకి వంగి మీ చెవి దాకా వస్తుంది. దానికి తోడు రాత్రి బళ్ళ చప్పుడు ఉండదు, మధ్యలో ఏటి ఇసక తప్ప అడ్డు గోడలూ లేవు. మన పెద్దలు కథలు రాత్రి పూట పెట్టుకున్నది పగలంతా పొలం పని ఉండబట్టే గానీ పాటకి కూడా అదే మంచి టైము అయ్యింది. మంచి ప్రశ్న అడిగేవు, మీ సైన్సు టీచర్ని అడిగి బొమ్మ గీయించుకో.

ప్రశ్న: సార్, కంట్రీ మ్యూజిక్ అంటే అమెరికా వాళ్ళ జానపదమేనా? మా ఫ్రెండ్స్ అంతా రీల్స్‌లో వింటున్నారు, నేను మన జానపదం వింటానంటే నవ్వుతున్నారు, రెండూ ఒకటే కదా అంటే వాళ్ళు కాదంటున్నారు.
(డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: పుట్టుక చూస్తే చుట్టాలే, పెంపకం వేరు. స్కాట్లండ్ నుంచీ ఐర్లండ్ నుంచీ ఇంగ్లండ్ నుంచీ వెళ్ళి కొండల్లో స్థిరపడిన వాళ్ళ కథాగేయాలు ఒకవైపు, ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకెళ్ళిన వాళ్ళ బాంజో వాయిద్యమూ వాళ్ళ పాటా ఇంకోవైపు, చర్చి పాటలు మరోవైపు, ఇవన్నీ కలిసి తయారైంది. 1925 నవంబర్లో నాష్‌విల్ రేడియోలో ఒక ప్రోగ్రాం మొదలైంది, తరవాత దాని పేరు గ్రాండ్ ఓల్ ఆప్రీ అయ్యింది, ఇప్పటికీ నడుస్తోంది, మొదటిరోజు అందులో వాయించింది డెబ్భై ఏడేళ్ళ ఫిడేలు తాత. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డుల ఆయన టెన్నెసీ వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు మీదున్న బ్రిస్టల్ అనే ఊరికి మిషన్లు మోసుకెళ్ళి చుట్టుపక్కల పాడేవాళ్ళందర్నీ రమ్మన్నాడు, కార్టర్ కుటుంబం, రైల్వేలో పనిచేసిన జిమ్మీ రోజర్స్ అక్కడే బయటపడ్డారు. అంటే అక్కడ పల్లెపాటని రేడియో వాళ్ళూ రికార్డుల వాళ్ళూ ముందే పట్టుకున్నారు, అది పెద్ద వ్యాపారమైంది, పాడేవాడికి పేరూ డబ్బూ వచ్చింది. మన జముకుల కథ చెప్పేవాళ్ళకీ తప్పెటగుళ్ళ వాళ్ళకీ అలాంటిది జరగలేదు. తేడా అక్కడుంది, పాటలో లేదు, నువ్వు తలొంచుకోవాల్సిన పనేమీ లేదు.

ఇంకో మాట, విజయనగరం వాడివి కాబట్టి. కంట్రీ వాళ్ళు వయొలిన్ని ఫిడిల్ అంటారు. మనవాళ్ళూ ఫిడేలు అనే అనేవారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఊరంతా ఫిడేలు నాయుడు గారు అనే పిలిచేది. 1919లో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్ చేస్తే, నాయుడు గారు అక్కడ శిష్యుడిగా చేరదామని వెళ్ళేరట, దాసు గారు వాయిద్యం విని అధ్యాపకుడిగానే తీసుకున్నారు అని చెప్పుకుంటారు. అదే పెట్టె, అవే నాలుగు తీగలు. మనం కింద కూర్చుని తలభాగాన్ని పాదం మీద ఆనించి వాయిస్తాం, వాళ్ళు నిలబడి కాలితో నేల తన్నుతా వాయిస్తారు, కొందరైతే గడ్డం కింద కూడా పెట్టుకోరు, రొమ్ముకి ఆనించుకుంటారు. ఒకరోజు బ్లూగ్రాస్ అనే రకం కంట్రీ పాటలోని ఫిడేలు ఒకటి, ఆ వెంటనే నాయుడు గారి రికార్డు ఒకటి, రెండూ మీ ఫ్రెండ్స్‌కి వినిపించు. నవ్వితే అప్పుడు చూద్దాం.

ప్రశ్న: మాది మందస దగ్గర పల్లె. వైశాఖంలో మా అమ్మవారి సంబరం. ప్రతి ఏడూ డీజే పెడతన్నారు, ఈసారి యూత్ తరఫున మేం జముకుల కథ పెట్టిద్దామనుకుంటన్నాం. జనం కూర్చుంటారో లేదో అని పెద్దలు సందేహిస్తన్నారు. ఎలా చేస్తే బాగుంటాది?
(యూత్ సభ్యుడు, మందస మండలం)

జవాబు: బాబూ, ఈ ఉత్తరం చదివి నేను లేచి నిలబడ్డాను. జనం కూర్చుంటారు, వినిపిస్తే కూర్చుంటారు. కథలు పాడవటం నేను చాలాచోట్ల చూసేను, తొంభై పాళ్ళు సౌండు వల్లే, కథ వల్ల కాదు. డీజే బాక్సులు పెట్టకండి, అవి కడుపులో దడ పుట్టించటానికి చేసినవి, మాట వినిపించటానికి కాదు. సన్నగా నిలువుగా ఉండే కాలమ్ స్పీకర్లు రెండు, తలల కంటే ఎత్తులో కట్టించండి, అప్పుడు ముందు వాళ్ళ చెవులు పగలవు, వెనక వాళ్ళకి మాట అందుతుంది. కథ చెప్పే ఆయనకొక మైకు, వంతలకి మైకు, జముకుకి విడిగా మైకు దగ్గరగా పెట్టండి, తీగ లాగి వదిలినప్పుడు వచ్చే ఆ గంభీరమైన నాదం దూరం మైకు పట్టుకోలేదు. కథకులకి వాళ్ళ గొంతు వాళ్ళకి వినిపించేలా ఒక చిన్న స్పీకరు వాళ్ళవైపు తిప్పి పెట్టండి, లేకపోతే అరిచి అరిచి రెండో రోజుకి గొంతు పోతుంది.

మీకు సముద్రపు గాలి ఉంది, అది పెద్ద వరం. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి స్టేజి అటువైపు వేసి జనాన్ని పడమర కూర్చోబెడితే గాలితో పాటే పాట కూడా వస్తుంది, మొహానికి చల్లగానూ ఉంటుంది. రాత్రి పది తరవాత మైకు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి శబ్దకాలుష్యం నిబంధనలున్నాయి, పండగలకి ప్రభుత్వం ఏడాదిలో కొద్ది రోజులు మాత్రం పన్నెండు దాకా సడలించొచ్చు, మీకు ఆ రోజు వర్తిస్తుందో లేదో స్టేషన్లో ముందే అడిగి కాగితం తీసుకోండి. ఏడింటికే మొదలెట్టేయండి, తొమ్మిదింటికి వంట చేసుకుని వస్తామనే వాళ్ళకి ఒక వారం ముందే చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది కళాకారుల సంగతి. మాట్లాడుకున్న డబ్బులో సగం ముందు ఇవ్వండి, మిగతాది కథ అయిన వెంటనే చేతిలో పెట్టండి, తెల్లారి రండి అనకండి. బండి ఖర్చు విడిగా. ఆడవాళ్ళుంటే బట్టలు మార్చుకోటానికి తలుపున్న గది, బాత్రూము. వేడన్నం. ఇది మర్యాద కూడా కాదు, కనీసం. ఇంకొకటి, కథ మధ్యలో మైకు లాక్కుని శాలువాలు కప్పటాలు, చదివింపుల పేర్లు చదవటాలు ఉంటాయి చూడు, అవన్నీ ఒకేసారి మధ్య విరామంలో పెట్టుకోండి. ఊరి పెద్దకి కోపమొస్తే నా పేరు చెప్పండి, నేను మాట్లాడతాను.

ప్రశ్న: లైవ్‌లో ఫేవరెట్ సింగర్ పాడుతుంటే ఫోన్‌లో వీడియో తియ్యకపోతే తరవాత బాధపడతాం కదా సార్?
(ఇంటర్ విద్యార్థిని, విజయనగరం)

జవాబు: ఒక పాట తియ్యమ్మా, రెండో పాటకి ఫోన్ లోపల పెట్టేయి. చెయ్యెత్తి పట్టుకుంటే వెనకున్న పొట్టి మనిషికి స్టేజి కనిపించదు, పైగా నువ్వు కూడా వేలెడు తెరలోనే చూస్తావు. నేను తీసిన వీడియోల్లో మళ్ళీ చూసింది ఒక్కటీ లేదు.

ప్రశ్న: మేష్టారూ, మాది బొబ్బిలి దగ్గర. మా అమ్మకి వంగపండు ప్రసాదరావు గారి పాటలంటే ప్రాణం, పొలంలో ఉభాలప్పుడు అందరి చేతా పాడించేది, ఇప్పటికీ నోటికొచ్చు. ఎక్కడో ఒకచోట ఆయన ప్రోగ్రాం అవుతోందని తెలిసినప్పుడల్లా తీసుకెళ్తానమ్మా అనేవాణ్ణి, ఏదో ఒక పని అడ్డం వచ్చేది, వచ్చే ఏడు చూద్దాం అనేవాణ్ణి. పోయేరని టీవీలో చూసి అమ్మ రోజంతా మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నాకూ మనసులో ముల్లులాగ ఉంది. ఏం చెయ్యను?
(ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగేను, వెంటనే రాయలేకపోయేను. మీ పక్కనే పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, జననాట్యమండలి కట్టిన వాళ్ళలో ఒకరై, ఏటి, ఎలగ అని మనం మాట్లాడుకునే మాటని సిగ్గుపడకుండా స్టేజి ఎక్కించిన మనిషి. 2020 ఆగస్టు 4న పోయేరు, కరోనా రోజులు, మామూలుగా అయితే ఊళ్ళకి ఊళ్ళు కదిలి వెళ్ళేవి, చాలామందికి ఆఖరి చూపు కూడా దక్కలేదు. కాబట్టి ఆ ముల్లు నీ ఒక్కడికే లేదు. నాకూ ఉంది, ఆయనకి కాదు గానీ మా ఊరికి వచ్చే జముకు కథకుడికి, చిన్నప్పుడు ముందు వరసలో కూర్చోబెట్టుకుని నా కళ్ళల్లోకి చూసి పాడిన మనిషికి, పెద్దయ్యాక ఒక్కసారి వెళ్ళి మీ వల్లే నేను సంగీతంలోకొచ్చేను అని చెప్పలేదు, చెబుదామనుకునే లోపు లేరు.

పోయిన ఆయన్ని మీ అమ్మకి నువ్వు చూపించలేవు. కానీ మీ అమ్మకి ఆ పాటలు నోటికొచ్చు అన్నావు, అది చిన్న విషయం కాదు. ఉభాల్లో వంగి నాట్లేస్తూ పాడిన పాటకి ఒక నడక ఉంటుంది, స్టేజి మీద గజ్జె కట్టి పాడినదానికి ఇంకో నడక, మీ అమ్మ దగ్గరున్నది మొదటిది, అది ఆవిడతో పాటు నాట్లేసిన నలుగురైదుగురి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. వాళ్ళని పిలువు. వెన్నెల రాత్రి చూసి డాబా మీద నీళ్ళు చల్లి చాపలు పరిచి కూర్చోబెట్టు, ఫ్యాన్లూ మోటార్లూ ఆపేయి, ఫోన్ని చాప మీద కాకుండా పీట మీద వాళ్ళకి మూరెడు దూరంలో పెట్టి రికార్డు నొక్కి మర్చిపో. ముందు సిగ్గుపడతారు, రెండో పాటకి ఒకళ్ళని చూసి ఒకళ్ళు అందుకుంటారు. మధ్యలో నవ్వులు, ఈ చరణం ముందా ఆ చరణం ముందా అని తగువులు వస్తాయి, అవేవీ కత్తిరించకు. అయ్యాక ఒక కాపీ నాకు పంపు, నేను కూర్చుని మొత్తం వింటాను.